పెరటి రేకుల కింద కట్టె గుంజ

జూన్ పద్నాలుగు, శనివారం. హాజరు: నేను, నా భార్య, వెల్డింగు మేస్త్రీ, అతని వెంట వచ్చిన మనిషి ఒకడు. సాయంత్రం నా దోస్తు, పందిరి అంచు వరకు.

ఆ రోజు నా డైరీ ఇలా మొదలవుతుంది. ముందు తేదీ, తర్వాత ఎవరెవరు ఉన్నారో రాసి, ఆ తర్వాతే జరిగింది రాయడం బొగ్గుబాయిలో పట్టిన అలవాటు. నేను సర్దారుగా పని చేశాను. షిఫ్టు మనుషులు పని స్థలానికి పోకముందే నేను పోయి, చేతికర్రతో పైకప్పును తట్టి, ఆ చప్పుడు విని, ఇక్కడ పని చేయవచ్చు, ఇక్కడ చేయకూడదు అని పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. గట్టి కప్పు కంచు పళ్ళెంలా ఖంగుమంటుంది. లోపల పొర విడిచిన కప్పు డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగిన చోటికి మనిషిని పోనివ్వకూడదు. నా ఉద్యోగమంతా ఈ రెండు చప్పుళ్ళ మధ్యే గడిచిందని చెప్పవచ్చు.

బెల్లంపల్లిలో ఇప్పుడు మేముంటున్నది రెండు గదుల సొంత ఇల్లు. ముందు గడప దాటితే రోడ్డే. వెనక మాత్రం నాలుగు మంచాలు పట్టే పెరడు ఉంది. రిటైరైనప్పటి నుంచి ప్రతి ఉదయం నా దోస్తు ఆ పెరట్లోకి వచ్చి కూర్చుంటాడు. నేను పేపరు చదువుతాను, అతను వింటాడు. అతను బడిలో నేర్చుకున్నది ఉర్దూ. తెలుగు పేపరు నా గొంతులోంచే అతనికి చేరాలి. మధ్యమధ్య నన్ను ఆపి, వార్త రాసినవాణ్ణి, రాయించినవాణ్ణి, చదివిన నన్ను కలిపి తిడతాడు. తిట్టాక చాయ్ తాగుతాడు.

అతను బాయిలో టింబర్‌మన్. కప్పు కూలకుండా కట్టె గుంజలు నిలబెట్టడం అతని పని. నేను తట్టి, ఇక్కడ గుంజ కావాలి అంటే అతను వచ్చి నిలబెట్టేవాడు. ఒకసారి నేను వేరే షిఫ్టులో ఉన్నప్పుడు అతని మీద కప్పు దిగింది. అందులో ఎవరి తప్పూ లేదు. భూమి కదలాలనుకుంటే ఎవరినీ అడగదు. తాను నిలబెట్టిన గుంజే ముందు కిర్రుమందట. అది విని తోటి మనిషిని బయటికి నెట్టాడు. తాను దాటేలోపల ముందూ వెనకా మూసుకుపోయింది. గుంజ పక్కన మనిషి కూర్చునేంత జాగా మిగిలింది. మావాళ్ళు తవ్వి తీసేదాకా ఒక షిఫ్టు మొత్తం ఆ గుంజ మీద చెయ్యి పెట్టుకుని చీకట్లో కూర్చున్నాడు.

ఆ తర్వాత మళ్ళీ బాయిలోకి దిగాడు. రిటైరయ్యేదాకా దిగుతూనే ఉన్నాడు. మేమందరం అనుకున్న భయం అతనికి బాయిలో పట్టలేదు, పైన పట్టింది. కొడుకు కట్టించిన స్లాబు ఇంట్లో తిండి తింటాడు గాని కాసేపు కూర్చోమంటే కూర్చోడు. నిద్ర వాకిట్లో. వాన పడితే దర్వాజా చట్రం కింద, సగం లోపల, సగం బయట. మస్జిద్‌లో కూడా లోపలికి పోకుండా ఆరుబయట వరుసలోనే నిలబడతాడు. ఎందుకట్లా అని ఒకసారి అడిగాను.

"బాయిల కప్పుకు గుంజలుంటయి భాయ్. ఇంట్ల స్లాబుకు ఏమున్నయి?" అన్నాడు.

నవ్వుకున్నాం. అతని ఇంట్లోవాళ్ళు కూడా దానికి అలవాటు పడిపోయారు. మా పెరటికి కప్పు లేదు కాబట్టి మా ఇద్దరికీ ఆ సంగతితో పని పడలేదు, పోయిన సంవత్సరం మే నెల దాకా.

ఆ మేలో ఒకరోజు మా పెరట్లోంచి లేచి ఇంటికి పోతూ దారిలో పడిపోయాడు. వడదెబ్బ. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇక ఎండలో కూర్చోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మూడో రోజు అతని భార్య, మా భాభీ, స్వయంగా మా ఇంటికి వచ్చింది.

"బురా అనుకోకు భాయ్ సాబ్. మీ ఇంటెనక నీడ లేదు. నీడ పడేదాక నేను ఈయనను పంప. లోపల కూసుండవెట్టుకో అందామంటే గీ మనిషి లోపల కూసుండడు. నా ఫికరు నీకు ఎరుకే కదా."

నాకు ఎరుకే. ఆమె మాట తీసేయడానికి లేదు. నేనే వాళ్ళింటికి పోయి చదువుదామని చూశాను. అతను దర్వాజాలో కూర్చునేవాడు. మనవలు, కోడలు, పాలవాడు అందరూ మమ్మల్ని దాటుకుని పోవాలి. నాలుగు రోజులకు అందరూ పరేషానయ్యారు. నేను మానేశాను. అతను దర్వాజాలోనే మిగిలిపోయాడు. మాట తగ్గిందని, తిట్టడం కూడా మానేశాడని భాభీ చెప్పి పంపింది. తిట్టడం మానేశాడన్న మాట నన్ను బాధపెట్టింది.

ఇక్కడ మా పెరట్లో నేను పేపరు పైకే చదువుకుంటున్నాను. అది నాకు తెలియలేదు. మా ఆవిడ చెప్పింది.

"ఎవలికి చదువుతున్నవ్? కుర్చీకా?"

ఆ రోజే పెరటికి కప్పు వేయించాలని అనుకున్నాను. కానుగ మొక్క ఒకటి నాటి ఉంది గాని అది నా నడుము దాకా కూడా రాలేదు. అది నీడ ఇచ్చేసరికి మేమిద్దరం నీడ అవసరం లేని చోట ఉంటాం. ఇక బాయి పింఛను ఎంతదో చెప్పి నవ్వులపాలు కాదలచుకోలేదు. ఒక్కసారి వేయించే స్తోమత లేదు. అందుకని నాలుగు విడతలు అనుకున్నాను: ముందు స్తంభాలు, తర్వాత పైన చట్రం, దాని మీద పచ్చ నెట్టు, చివరికి రేకులు. ఒక విడత పని అయ్యాక మళ్ళీ చేతిలో నాలుగు రూపాయలు ఆడినప్పుడు ఇంకో విడత. పని నెమ్మదిగా సాగడం మా దోస్తుకు కూడా మంచిదే అనుకున్నాను. కప్పును ఒక్కసారిగా చూపిస్తే బెదురుతాడు. కొంచెం కొంచెంగా వస్తే అలవాటవుతాడు.

దీపావళి అయ్యాక పాత ఇనుప సామాను దుకాణంలో నాలుగు గుండ్రటి పైపులు ఏరుకొచ్చాను. గుంతలు నేనే తవ్వాను, మా ఆవిడ కంకర కలిపింది. పైన ఏమీ లేకుండా నాలుగు స్తంభాలు నిలబడి ఉంటే పక్కింటివాళ్ళు గోడ మీది నుంచి తొంగి చూసేవాళ్ళు. చలికాలం కాబట్టి భాభీ మళ్ళీ అతన్ని పంపడం మొదలుపెట్టింది. వచ్చీ రాగానే స్తంభాల చుట్టూ తిరిగాడు.

"ఏం సర్దార్, కబడ్డీ ఆడిస్తవా గిక్కడ?"

"నీకోసమే. కప్పు వేయిస్తున్న."

చేతికర్రతో ఒక పైపు మీద కొట్టాడు. "గిది ఇనుము."

"ఇనుమే. కట్టెకు చెద పడుతది."

"పడనీ. కట్టె ఇరిగే ముందు ఏడుస్తది భాయ్. జరుగు, జరుగు అని చెప్తది. ఇనుము చెప్పకుంట పోతది."

"నీ మీద పడేది బొగ్గు కాదు, రేకు."

"రేకు పడితే నొప్పి కాదా?"

మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. నేనూ నవ్వాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, పేపరు మొదలైంది. మొదటి వార్తకే ఎవరినో తిట్టాడు. ఆ రోజు డైరీలో "దోస్తు తిట్టాడు" అని రాసుకున్నాను.

మాఘమాసంలో పైపుల మీద అడ్డంగా చట్రం వెల్డింగు చేయించాను. చట్రం అంటే నాలుగు గీతలు, మధ్యలో రెండు గీతలు, వాటి సందుల్లో ఆకాశం. అది అతనికి బాగా నచ్చింది.

"గిట్లనే ఉంచు. పైసలు మిగులుతయి. ఆకాశానికి కిస్తీలు కట్టుడు లేదు."

ఎండ ముదరక ముందే పచ్చ నెట్టు కట్టాం. మా పెరట్లో బట్టలు ఆరేసే తాడు కోసం ఎప్పటి నుంచో ఒక నీలగిరి కర్ర పాతి ఉంది. ఇల్లు కట్టినప్పుడు సెంట్రింగుకు తెచ్చిన కర్రల్లో మిగిలింది. అది చట్రం కంటే జానెడు ఎత్తు. నెట్టు కట్టినప్పుడు దాని తల తగిలి నెట్టు డేరాలా పైకి లేచింది. చూడటానికి బాగా లేకపోయినా మెత్తటిదే కదా అని వదిలేశాను. అది రంజాన్ నెల. ఉపవాసం ఉండి కూడా అతను వచ్చి కూర్చునేవాడు. చాయ్ లేని పేపరు. నేను ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయి ఒక గుటక తాగి వచ్చేవాణ్ణి.

"మూతి తుడుసుకో సర్దార్," అనేవాడు.

నెట్టు కింద కూర్చున్నాడు కాబట్టి నా లెక్క సరిగ్గానే సాగుతోందనుకున్నాను. స్తంభాల మధ్య కూర్చున్నాడు, చట్రం కింద కూర్చున్నాడు, నెట్టు కింద కూర్చున్నాడు. ఇక రేకులు ఒక్కటే మిగిలాయి.

కాని మే వచ్చేసరికి నెట్టు చాలలేదు. మా వైపు మే ఎండకు ఆ పలుచటి గుడ్డ ఏపాటి? ఒకరోజు పేపరు మధ్యలో అతని తల వాలింది. నీళ్ళు చల్లి, తాగించి, ఆటోలో ఇంటికి తీసుకుపోయాను. భాభీ ఈసారి కోపంగా మాట్లాడలేదు. నెమ్మదిగా అంది.

"జాలీ నెట్టు నీడ నీడేనా భాయ్ సాబ్? రేకులు పడితే పంపుత. గప్పుడు కూడ ఈయన కూసోకపోతే ఇగ ఇంటికాన్నే ఉంటడు. నాకు ఇగ ఓపిక లేదు."

అతను దర్వాజాలో కూర్చుని అదంతా విన్నాడు. నా వైపు చూడలేదు.

పింఛను పడగానే రేకులు తెచ్చాను. అలా వచ్చింది జూన్ పద్నాలుగు. మేస్త్రీ పొద్దున్నే వచ్చాడు. వెంట వచ్చిన మనిషి చట్రం మీదికెక్కి నెట్టు విప్పాడు. మొదటి రేకు పైకి ఎత్తగానే నీలగిరి కర్ర అడ్డం వచ్చింది.

"కాకా, గీ కట్టె ఎందుకు? రేకును పొడుస్తున్నది."

"తీసెయ్," అన్నాను. ఏ మాత్రం ఆలోచించకుండా.

"నా తాడు?" అంది మా ఆవిడ.

"పైపులకు కొక్కేలు పెడ్త అవ్వా. దీనికంటె గట్టిగుంటయి."

కర్రను ఊపి ఊపి పీకి గోడ పక్కన పడేశారు. మధ్యాహ్నానికి రేకులు బిగించడం అయిపోయింది. పెరట్లో నిజమైన నీడ పడింది. మా ఆవిడ నేల కడిగింది. నేను రెండు కుర్చీలు వేసి, ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాయా లేదా అని రెండుసార్లు సర్దాను. సాయంత్రం చల్లబడ్డాక చూసి పొమ్మని కబురు పంపాను.

అతను వచ్చాడు. ఇంటి పక్క గేటు నుంచి పెరట్లోకి వచ్చి, నీడ మొదలయ్యే గీత దగ్గర ఆగాడు. అక్కడి నుంచే చేతికర్ర ఎత్తి రేకును తట్టాడు.

డబ్.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంత డొల్ల చప్పుడు బాయిలో విని ఉంటే నేను అక్కడే అడ్డం కర్ర కట్టి మనుషులందర్నీ వెనక్కి పంపి ఉండేవాణ్ణి. రేకులు కొనేటప్పుడు మందం చూశాను, తుప్పు పడుతుందా అని అడిగాను, వాలు ఎటు ఉండాలో లెక్క వేశాను. తట్టి చూడలేదు. జీవితమంతా కప్పులు తట్టినవాణ్ణి, నా ఇంటి కప్పును తట్టలేదు.

"రేకు భాయ్. రేకు గట్లనే మోగుతది. గట్టిదే."

"నాకు ఎరుకే," అన్నాడు. ఇంకోసారి తట్టాడు, ఈసారి మెల్లగా. "ఎరుకే గాని కాళ్ళు వస్తలేవు."

రేకుల కింద నలుమూలలా చూశాడు. దేనికోసమో వెతుకుతున్నట్టు అనిపించింది.

"గా కట్టె ఏది?"

"తీసేసిండు. అడ్డమొచ్చింది. ఎందుకు?"

"ఏం లే. ఊకెనే అడిగిన." కుర్చీల వైపు ఒకసారి చూసి, "మంచిగ చేయించినవ్ భాయ్. మస్తు ఖర్చయింది కదా," అన్నాడు.

మంచిగా చేయించావని అతను నన్ను ఎప్పుడూ అనడు. తిట్టకుండా మెచ్చుకున్నాడంటే పోతున్నాడని అర్థం. చాయ్ అయినా తాగి పొమ్మని మా ఆవిడ కేక వేసేసరికి గేటు దాటాడు.

నేను కుర్చీలో కూలబడ్డాను. ఇన్ని నెలలు, ఇన్ని విడతలు. చట్రం దగ్గరే ఆపి ఉంటే చలికాలమైనా దక్కేది. మా ఆవిడ చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, పక్కన నిలబడింది.

"ఇగో, ఇను. ఆయన కుర్చీ ఎప్పుడు గా కట్టె పక్కకే ఏసుకుంటుండె."

"ఎప్పుడు?"

"ఎప్పుడేంది, రోజు. నువ్వు గిక్కడ ఏసినా ఆయన గక్కడికి గుంజుకునేటోడు. కూసున్నంక చెయ్యి దాని మీదనే ఉండేది. నెట్టు కట్టినంక మరీ. నేను తాడు మీద బట్టలు ఏస్తుంటె చెయ్యి తీయండ్రన్నా అని ఎన్నిసార్లన్ననో. నువ్వు రోజు రాస్తనే ఉంటవు, గది రాయలేదా?"

రాయలేదు. అతను వచ్చాడని రాశాను, తిట్టాడని రాశాను, ఎక్కడ కూర్చున్నాడో రాయలేదు. నా విడతలకు అలవాటు పడుతున్నాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అతను కూర్చున్నది నా పైపుల కింద కాదు. కట్టె ఏడుస్తదన్న మాట అతను హాస్యానికి అనలేదు. ఇంట్లో దర్వాజా కింద ఎందుకు పడుకుంటాడో కూడా అప్పుడే తెలిసింది. ఆ ఇంట్లో కప్పును మోసే కట్టె అంటూ ఉన్నది ఆ దర్వాజా చట్రం ఒక్కటే.

ఇంకా వెలుతురు ఉంది. రంపం తెచ్చాను. నీలగిరి కర్రను చట్రం ఎత్తుకు కాస్త తక్కువగా కోశాను. గుంజ నిలబెట్టడానికి ఒక పద్ధతి ఉంది. కింద గట్టి రాయి, పైన ఒక పలక, పలకకూ గుంజకూ మధ్య ఏటవాలుగా చెక్కిన చెక్కముక్కలు. వాటిని సుత్తితో కొట్టి బిగిస్తే గుంజ కప్పును పట్టుకుంటుంది. నేను వేరేవాళ్ళు నిలబెట్టిన గుంజలను పరీక్షించినవాణ్ణే గాని సొంతంగా ఒక్కటీ నిలబెట్టలేదు. మా ఆవిడ కర్రను కౌగిలించుకుని పట్టుకుంది, నేను స్టూలెక్కాను.

"పడుతవ్. ఈ వయసుల."

"నువ్వు గట్టిగ పట్టు."

"నిన్ను పెండ్లి చేసుకున్నప్పుడు కూడ గింత గట్టిగ పట్టలే నేను."

"ఆ చెక్క అందియ్."

పలకను చట్రం మధ్య పైపు కింద పెట్టాను. రేకు కింద పెడితే రేకు లేస్తుంది. చెక్క కొట్టాను. వదులుగా ఉంది. ఇంకోటి కొట్టాను. కర్ర ఒక పక్కకు వంగింది. సరిచేశాను. చివరికి నిలబడింది, కొంచెం వాలుగా. నిజం చెప్పాలంటే దాని మీద ఏ బరువూ లేదు. నాలుగు ఇనుప స్తంభాల మీద రేకులు హాయిగా ఉన్నాయి. అతని కుర్చీని ఆ గుంజ పక్కకు జరిపాను. కబురు పంపలేదు. గుంజ పెట్టాను రమ్మని పిలిస్తే, భయపడ్డావు కదా అని చెప్పినట్టు ఉంటుంది.

మరుసటి ఉదయం ఆదివారం. పేపరు ఇంకా రాలేదు. గేటు చప్పుడై, నా దోస్తు వచ్చాడు. నిన్న తన భుజం రుమాలు ఇక్కడే మరిచిపోయానని అన్నాడు. రుమాలు అతని భుజం మీదే ఉంది. నేను చూడనట్టు, పేపరు వచ్చిందేమోనని గేటు వైపు తిరిగాను.

నీడ గీత దగ్గర ఆగాడు. గుంజను చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవడు నిలబెట్టిండు గిది?"

"నేనే."

"సర్దార్లు నిలబెడితే గిట్లనే ఉంటది. తాగినోని లెక్క ఉన్నది. సుత్తి తే."

సుత్తి తెచ్చేసరికి అతను రేకుల కింద ఉన్నాడు. ఎప్పుడు గీత దాటాడో నేను చూడలేదు. నన్ను గుంజ పట్టుకోమని, నేను కొట్టిన చెక్కలన్నీ ఊడగొట్టి, స్టూలెక్కొద్దని నేనంటున్నా వినకుండా ఎక్కి, మూడు దెబ్బల్లో బిగించాడు. దిగి గుంజ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. చేతికర్రతో రేకును తట్టాడు. డబ్ అనే మోగింది. ఏదో గొణిగి, ఆ రేకును అమ్మినవాణ్ణి ఉర్దూలో తిట్టాడు. తర్వాత కుర్చీలో కూర్చుని గుంజకు వీపు ఆనించాడు.

పేపరు వచ్చింది. నేను మొదటి పేజీ మొదలుపెట్టాను. గాలి ఒకసారి వీచి రేకులు కదిలాయి. గుంజ కొద్దిగా కిర్రుమంది. నేను చదవడం ఆపాను.

"చదువు, చదువు," అన్నాడు కళ్ళు మూసుకునే. "మంచిగనే ఉన్నది."

రెండో పేజీలో ఉండగా మా ఆవిడ తడిబట్టల బకెట్టుతో వచ్చింది. కొత్త కొక్కేలను చూసి మూతి విరిచి, అలవాటుగా తాడు కొసను గుంజకు చుట్టబోయింది.

"చెల్లె, ఆగు. గుంజకు వేరే పని చెప్పద్దు."

"మరి నా బట్టలు, అన్నా?"

"సర్దారు మెడకు కట్టు. గాయనకు పనేమున్నది."

ఆ ఉదయం మా బట్టలు గోడ మీద ఆరాయి.